అబ్‌స్కాండ్ అంటే ఏందక్కా

ధర్మవరం,
ఆగస్టు 6.

జాహెదక్కా,

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం మీద ఎర్ర సిరాతో గీతలు పెట్టి తిరిగి పంపొద్దు. పోయినసారి నా తెలుగులో పదకొండు తప్పులు పట్టావు. ఇంగ్లీషు టీచరమ్మకు తెలుగు తప్పులతో పనేంటని మా ఆయన హనుమప్ప ఇప్పటికీ నవ్వుతున్నాడు. నీకు ఫోన్లో మాటలు వినబడవు, నాకు ఫోన్లో అక్షరాలు కొట్టడం చేతకాదు. మనిద్దరి వల్లే మా పోస్ట్‌మ్యాన్‌కు ఇంకా ఈ వీధి దారి గుర్తుంది.

నా ఆరోగ్యం పర్వాలేదు. ఆపరేషన్ కుట్లు మానాయి. మూడు నెలలు బరువులు ఎత్తొద్దన్నారు. చీరలకు కుచ్చులు కట్టడం కూర్చుని చేసే పనే కాబట్టి మళ్లీ మొదలుపెట్టాను. రోజుకు రెండు చీరలు అవుతున్నాయి, అంతకుమించి నడుము ఒప్పుకోవడం లేదు.

ఒక పని మీద రాస్తున్నాను. ఒక ఇంగ్లీషు మాటకు అర్థం కావాలి. ఏ, బి, ఎస్, సి, ఓ, ఎన్, డి. అబ్‌స్కాండ్ అని పలకాలనుకుంటా. మా వీధిలో ఒక పిల్ల ఏదో పరీక్షకు చదువుతోంది, ఆ పిల్ల అడిగింది. నువ్వైతే ఒక మాటను దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా చెప్తావు కదా. అది మంచి మాటా, చెడ్డ మాటా? ఒక మనిషి గురించి కాగితం మీద అలా రాశారంటే ఆ మనిషి ఏం చేసినట్టు? ఇది మాత్రం స్పష్టంగా రాయి.

మా పిల్ల స్వప్న పెనుకొండలో హాస్టల్లోనే ఉంది. బాగుంది.

నీ చెల్లెలు,
యశోద

*

హిందూపురం,
ఆగస్టు 11.

యశోదా,

ఏడు తప్పులు. గీతలు పెట్టొద్దన్నావు కాబట్టి పెట్టలేదు, లెక్క మాత్రం చెప్తున్నాను.

నన్ను ఒక మాటకు అర్థం అడిగి ఎన్నాళ్లయిందో తెలుసా? చెవులు సరిగ్గా పనిచేయక బడి మానేసి నాలుగేళ్లు. పాత పిల్లలు, వాళ్ల పిల్లలు వాట్సాప్‌లో వాక్యాలు పంపుతారు, నేను దిద్ది పంపుతాను, థాంక్యూ మేడమ్ అని ఒక పువ్వు బొమ్మ వస్తుంది. అక్కడికి సరి. నీ ఉత్తరం రాగానే పెద్ద డిక్షనరీ దుమ్ము దులిపాను. ఇంట్లో మా సొంత చెల్లెలు అన్నానికి పిలిచినా లేవలేదు. అసలు వినబడలేదనుకో.

అబ్‌స్కాండ్ అనేది క్రియ. రెండో ముక్కను ఒత్తి పలకాలి. లాటిన్ నుంచి వచ్చింది. అబ్స్ అంటే దూరంగా అని. కొందెరె అంటే ఒకచోట చేర్చి దాచిపెట్టడం. రెండూ కలిస్తే ఎవరి కంటా పడకుండా దాచేయడం అన్నమాట. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో వస్తువును దాచడానికి కూడా వాడేవాళ్లు. పోనుపోను మనిషి తనను తాను దాచుకోవడానికి, చివరికి చట్టానికి చిక్కకుండా పారిపోవడానికి స్థిరపడిపోయింది. పూర్వం కొవ్వొత్తికి గాలి తగలకుండా మరుగు కట్టిన లాంతరును స్కాన్స్ అనేవాళ్లు, అది కూడా ఈ మాటకు చుట్టమే. చూశావా, ఒకే వంశంలో దొంగా ఉన్నాడు, దీపమూ ఉంది.

ఇక వాడుక. ఎక్కడి నుంచి పారిపోయాడో చెప్పాలంటే దాని వెనక ఫ్రమ్ రావాలి, ఏం పట్టుకుని పోయాడో చెప్పాలంటే విత్ రావాలి. చీటీలు నడిపేవాడు అందరి సొమ్ముతో రాత్రికి రాత్రి మాయమైతే వాడు అబ్‌స్కాండ్ అయినట్టు. బెయిలు మీద వచ్చి కోర్టు ముఖం చూడనివాడూ అంతే. మన పత్రికల భాషలో పరారీ. కోపమొచ్చి పుట్టింటికి పోయిన కోడలు మాత్రం అబ్‌స్కాండ్ అయినట్టు కాదు, ఆమె ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. దాక్కోవాలి, అందులో దురుద్దేశం ఉండాలి. ఇంకో విషయం, ఇది అకర్మక క్రియ. ఒకరు ఇంకొకరిని అబ్‌స్కాండ్ చేయలేరు, ఎవరికి వాళ్లు చేసుకోవాల్సిందే.

మంచి మాటా చెడ్డ మాటా అని అడిగావు. చెడ్డదే. మర్యాదస్తుల గురించి వాడే మాట కాదు.

మీ వీధి పిల్ల ఏం పరీక్ష రాస్తోంది? ఇంకేమైనా మాటలుంటే పంపమను.

నీ అక్క,
జాహెదా

*

ధర్మవరం,
సెప్టెంబరు 2.

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మూడు వారాలుగా జవాబు రాయాలని కూర్చోవడం, లేవడం.

మా వీధిలో పరీక్షకు చదివే పిల్ల ఎవరూ లేరు. ఆ మాట రాసింది మా స్వప్న మీద.

పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కార్లకు వైర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో అది రెండేళ్లుగా పని చేస్తోందని నీకు తెలుసు. జూన్‌లో నా గర్భసంచి ఆపరేషన్‌కు పుట్టపర్తి తీసుకుపోయింది అదే. పద్దెనిమిది రోజులు నా మంచం దగ్గర ఉంది. పోయే ముందు సూపర్‌వైజర్‌కు మెసేజ్ పెట్టింది, ఆయన ఫోన్లో సరే పోయి రా అన్నాడట. ఇప్పుడు నాకు గుర్తులేదంటున్నాడు. తిరిగి పనికి పోతే గేటు దగ్గర కార్డు పనిచేయలేదు. జూలైలో ఇంటికి రిజిస్టర్ పోస్టు వచ్చింది. అందులో ఉంది, అబ్‌స్కాండెడ్ ఫ్రమ్ డ్యూటీస్ అని. నువ్వు చెప్పినట్టే, వెనక ఫ్రమ్ కూడా ఉంది.

హిందూపురంలో బట్టల కంపెనీలో దానికి ఇంకో ఉద్యోగం కుదిరింది. క్వాలిటీ చూసే పని. పాత కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ తెస్తేనే చేర్చుకుంటామన్నారు. వీళ్లేమో పారిపోయినవాళ్లకు లెటర్ ఇవ్వమంటున్నారు. అక్టోబరు మొదటి వారం దాకా గడువు. అది దాటితే ఆ ఉద్యోగం వేరేవాళ్లకు పోతుంది. ఆ మాట అలాగే ఉండిపోతే ఇక్కడే కాదు, ఎక్కడికి పోయినా అడుగుతారు.

నీ ఉత్తరం వచ్చిన రోజు స్వప్న ఇంట్లోనే ఉంది. పెద్దమ్మ ఏం రాసిందని అడిగింది. చదివి వినిపించాను. చీటీలవాడు, బెయిలువాడు, మర్యాదస్తుల మాట కాదు, అన్నీ చదివాను. అది వింటూనే లేచింది. బ్యాగు తీసుకుని పెనుకొండ బస్సెక్కింది. అప్పటి నుంచి ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తే తిన్నానంటుంది, పెట్టేస్తుంది.

ఒకరు ఇంకొకరిని అబ్‌స్కాండ్ చేయలేరని రాశావు కదా. చేయగలరు అక్కా. నా బిడ్డను చేశారు.

యశోద

*

హిందూపురం,
సెప్టెంబరు 6.

యశోదా,

నన్ను క్షమించు. ఇది ముందు రాస్తున్నాను, ఎందుకంటే ఇంకేది రాసినా దీని తర్వాతే.

ఒక మనిషి గురించి రాస్తే ఆ మనిషి ఏం చేసినట్టు అని నువ్వు అడిగావు. ఎవరా మనిషి అని నేను అడగలేదు. మాట మీద మోజులో పడి మనిషిని మర్చిపోయాను. స్వప్న నా చేతుల మీద పెరిగిన పిల్ల. వేసవి సెలవుల్లో మా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుని చుక్కల మంచినీళ్ల కుండ మీద ఇంగ్లీషు అక్షరాలు సుద్దతో రాసేది. దాని ముందు నా ఉత్తరం చదివావంటే నాకు ఇవాళ ముద్ద దిగలేదు.

ఇప్పుడు నా మాట విను. ఆ మాట దానికి వర్తించదు. ఇది నిన్ను ఊరడించడానికి చెప్పడం లేదు, డిక్షనరీ పట్టుకుని చెప్తున్నాను. తల్లి మంచం పక్కన కూర్చున్న పిల్ల ఎక్కడ దాక్కున్నట్టు? ఆసుపత్రి కాగితాల్లో దాని సంతకం ఉంటుంది. పైగా అది చెప్పి పోయింది. చెప్పి పోయిన మనిషికి ఈ క్రియ వాడటానికి లేదు. నేను ఆ కంపెనీకి పోయి మాట్లాడతాను. నాకు వినబడకపోతే ఏం, వాళ్లకు వినబడుతుంది కదా.

కంపెనీ ఉత్తరం జిరాక్స్ పంపు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం పంపు. ముఖ్యంగా స్వప్న సూపర్‌వైజర్‌కు పెట్టిన మెసేజ్ ఏమిటో అక్షరం తప్పకుండా రాసి పంపు. నువ్వేం దిద్దొద్దు. ఉన్నది ఉన్నట్టు కావాలి.

జాహెదా

*

ధర్మవరం,
సెప్టెంబరు 11.

అక్కా,

జిరాక్సులు దీంతో పెట్టాను. క్షమించమని నువ్వు అంత పెద్ద మాట రాసినందుకు నాకు కళ్లు చెమర్చాయి. పోయిన ఉత్తరంలో కటువుగా రాశాను. కోపంలో రాశాను, అబద్ధం మాత్రం రాయలేదు.

స్వప్న మెసేజ్ మా ఆయన ఫోన్‌కు పంపించుకుని, చూసి ఒక్కొక్క అక్షరం దించాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు కుదరవు, తెలుగులో రాస్తున్నాను. సర్, ఐ యామ్ లీవింగ్ ఫ్రమ్ మండే ఫర్ మై మదర్స్ ఆపరేషన్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్. అంతే ఉంది.

దీని తర్వాత కంపెనీవాళ్లు మూడు మెయిల్స్ పంపారట. ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరో పెట్టిచ్చిన మెయిల్ అది, దాన్ని తెరవడం కూడా స్వప్నకు తెలియదు. ఇందులో తప్పెక్కడుందో నాకు అర్థం కావడం లేదు. వాళ్ల నాయన చదివి, బాగానే ఉంది కదా అంటున్నాడు.

స్వప్నను అడిగితే ఇంతకుమించి ఏమీ చెప్పలేదు.

యశోద

*

హిందూపురం,
సెప్టెంబరు 15.

యశోదా,

కాగితాలు అందాయి. గురువారం పెనుకొండ పోతున్నాను. స్వప్నకు మెసేజ్ పెట్టాను, బస్టాండుకు వస్తానంది.

ఇంకా రాయాల్సింది ఉంది. ఇప్పుడు రాయలేను. పోయి వచ్చాక రాస్తాను.

జాహెదా

*

పెనుకొండ,
సెప్టెంబరు 19.

యశోదా,

స్వప్న హాస్టల్ గదిలో కూర్చుని రాస్తున్నాను. అది పని పోయినప్పటి నుంచి పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్తోందట, అక్కడికి పోయింది. నాకు బస్సుకు ఇంకా గంట ఉంది. హిందూపురం చేరితే మళ్లీ ధైర్యం చాలదేమో, ఇక్కడే రాసేస్తాను.

నీ ఉత్తరంలో ఆ వాక్యం నేను అంతకుముందే చదివినట్టే ఉందని ఫోన్ వెతికాను. జూన్ తొమ్మిది, ఆదివారం. స్వప్న నాకు పంపిన మెసేజ్ ఉంది. పెద్దమ్మా ఇది కరెక్టేనా చూడు అని అడిగి, కింద రాసింది. సర్, ఐ యామ్ లీవ్ ఫ్రమ్ మండే ఫర్ మై మదర్స్ ఆపరేషన్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్. దాని మాట అదీ. సోమవారం నుంచి నేను లీవు అని మనం తెలుగులో అనుకున్నట్టే రాసింది. వ్యాకరణం లేదు. కానీ చదివిన ఎవరికైనా ఈ పిల్ల సెలవు అడుగుతోందని తెలుస్తుంది.

నేను మూడు నిమిషాల్లో దిద్దాను. లీవ్‌ను లీవింగ్ చేశాను. వ్యాకరణం కుదిరింది. అర్థం మాత్రం సోమవారం నుంచి ఉద్యోగం మానేస్తున్నాను అని మారిపోయింది. ముప్పైయేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఆ పిల్ల సరిగ్గా చెప్పిన మాటను చక్కగా తప్పు చేసి పంపాను. పువ్వు బొమ్మ కూడా వచ్చింది.

పోయిన ఉత్తరంలో ఇది రాయలేకపోయాను. సిగ్గుతో కాదు, భయంతో. నువ్వు ఇక ఉత్తరం రాయవేమోనన్న భయం.

ఇప్పుడు కంపెనీ సంగతి. ఆఫీసులో గిరి అని ఒక కుర్రాడు ఉన్నాడు, అమరాపురం వైపువాడు. నా చెవుల సంగతి చెప్పి, మీరు చెప్పేది కాగితం మీద రాయండి అన్నాను. రాశాడు. షి ఇన్‌ఫార్మ్‌డ్ దట్ షి ఈజ్ లీవింగ్, నోటీస్ ఇవ్వలేదు, సో అబ్‌స్కాండింగ్ అని. నేను ఇన్‌ఫార్మ్‌డ్ కింద గీత గీశాను. అబ్‌స్కాండింగ్ కింద ఇంకో గీత గీశాను. ఈ మాట పుట్టిందే దాక్కోవడం నుంచి, చెప్పి పోయినదాన్ని దాక్కుందని ఎలా అంటారు, ఈ రెంటిలో ఒకటే నిజం, ఏది ఉంచుతారో మీరే చెప్పండి అన్నాను. ఆ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత రాశాడు, కంప్యూటర్లో నాలుగే ఉండాయి మేడమ్, రిజైన్డ్, టర్మినేటెడ్, రిటైర్డ్, అబ్‌స్కాండెడ్, ఇట్లాంటోళ్లకు గడి లేదు, ఏదో ఒకటి నొక్కాల కదా మేడమ్ అని. అతని కాగితంలో తప్పులున్నాయి. నేను దిద్దలేదు.

లోపలికి పోయి మేనేజర్‌ను అడిగి వచ్చాడు. ఆ పిల్ల సెలవే అడిగిందనడానికి రుజువేమిటన్నారట. నా ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. పైన దాని వాక్యం, కింద నా దిద్దుబాటు. స్వప్న నా చేయి పట్టుకుని ఆపబోయింది. ఈ వాక్యాన్ని మార్చింది నేను, పొరపాటు నాది, ఆ అమ్మాయిది కాదు అని ఇంగ్లీషులో రాసి, రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్ అని కింద సంతకం పెట్టాను. ఆ మూడు మాటలు రాసేటప్పుడు చేయి ఆగింది, నిజం చెప్తున్నాను. ఉద్యోగం తిరిగి ఇవ్వరు, ఆ చోటు నిండిపోయింది. పదిరోజుల్లో ఆ మాట తీసేసి వేరే లెటర్ పంపుతామన్నారు.

గేటు బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు స్వప్నను అడిగాను, నీకు ముందే తెలుసు కదా, నాకెందుకు చెప్పలేదని. అది నా ఎడమ చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది.

"ఏమని చెప్పేది పెద్దమ్మా? నువ్వు దిద్దినావంటే అదే కరెక్టు అనుకుంటి. నాకే ఇంగ్లీషు రాదు, అందుకే ఉద్యోగం పోయిందనుకుంటి. లెటర్ వచ్చినాక హాస్టల్లో ఒకమ్మాయి నా మెసేజ్ చదివి, లీవింగ్ అంటే మానేసినట్టని చెప్పె."

"మరి అప్పుడైనా అడగాల్సింది కదా?"

"కోపమొచ్చింది. నీకు పెద్ద మెసేజ్ కొట్టి, పంపకుండా తీసేస్తి. నీకు చెవులు పోయినాయి, బడి పోయింది. ఈ ఇంగ్లీషు ఒక్కటే ఉండాది. అది కూడా తప్పని నేనెట్లా చెప్పేది?"

నేను రోడ్డు మీదే ఏడ్చాను యశోదా. ఆటోవాడు ఎంత పిలిచాడో ఏమో, నాకు తెలియలేదు.

"అమ్మకు మాత్రం చెప్పొద్దు," అంది చివరికి. "మీరిద్దరూ యాడ మాట్లాడుకోకుండా అయితారో అని నాకు భయం."

దాని మాట కాదని నీకు చెప్తున్నాను. ఇక నువ్వు ఏం రాసినా, రాయకపోయినా, నాకు సబబే.

జాహెదా

*

ధర్మవరం,
అక్టోబరు 1.

జాహెదక్కా,

లెటర్ వచ్చింది. తల్లి అనారోగ్యం వల్ల పని విడిచిపెట్టినట్టు రాశారు. ప్రవర్తన బాగుందని కూడా రాశారు. హనుమప్ప దాన్ని మూడు జిరాక్సులు తీయించి మూడు చోట్ల పెట్టాడు. స్వప్న ఆదివారం ఇంటికి వచ్చింది, రెండు రోజులు ఉంది, అన్నం తిన్నది, వాళ్ల నాయనతో పోట్లాడింది. నా ఇల్లు నాకు తిరిగొచ్చింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మెసేజ్ నువ్వు దిద్దావని నాకు మొదటి నుంచీ తెలుసు.

ఆ ఆదివారం నేను నొప్పితో ముసుగుపెట్టి పడుకున్నాను. నిద్రపోయాననుకుని స్వప్న వాళ్ల నాయనతో అంది, "పెద్దమ్మ మూడు నిమిషాల్లో దిద్ది పంపె నాయనా, ఇంగ వాళ్లు ఏమీ అనలేరు," అని. ఎంత సంతోషంగా అందో. జూలైలో కంపెనీ ఉత్తరం వచ్చాక పోస్టాఫీసులో ఒకాయన చేత ఆ ఉత్తరం, స్వప్న మెసేజ్ రెండూ చదివించాను. ఎక్కడ చెడిందో ఆయన చెప్పాడు. ఆయనకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. నాకు నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, కట్టిన కుచ్చులు విప్పి మళ్లీ కట్టాను.

నిన్ను తిట్టాలనే కాగితం తీసుకున్నాను అక్కా. నా బిడ్డ ఉద్యోగం తీశావు అని రాయాలనుకున్నాను. చిన్నప్పుడు పెనుకొండలో మీ ఇంటి గడపలో కూర్చుని నీ దగ్గర ఏబీసీడీలు నేర్చుకున్నది గుర్తొచ్చింది. పదో తరగతి ఇంగ్లీషు తప్పితే నువ్వు మా నాయనతో పోట్లాడి మళ్లీ పరీక్ష రాయించావు. రెండోసారీ తప్పాను, అది వేరే విషయం. తిట్టు రాయడానికి చేయి రాలేదు. తిట్టకుండా ఉండడానికి మనసు రాలేదు. ఆ మాటకు అర్థం ఏందక్కా అని రాసి పోస్టు చేశాను. నీకే తడుతుందని చూశాను.

నీ జవాబు చూసి ఇంకా మండింది. ఆ మంటలోనే స్వప్నకు చదివి వినిపించాను. నీ మీద దానికీ కోపం రావాలని చదివాను. అది తన గురించి వింటుందన్న జ్ఞానం నాకు లేకపోయింది. అది బ్యాగు తీసుకుని పోయింది నీ ఉత్తరం వల్ల కాదు, నేను చదివిన తీరు వల్ల. పోయిన ఉత్తరంలో అబద్ధం రాయలేదన్నాను చూడు, అదీ అబద్ధమే. చెప్పకుండా దాక్కున్నది ఈ కథలో ఎవరైనా ఉంటే అది నేనే.

నువ్వు సంతకం పెట్టిన సంగతి హనుమప్పకు చెప్పాను. ఆయన మగ్గం ఆపి దిగాడు. తర్వాత అన్నాడు, "ఆయమ్మ ఎంత చదువుకున్నదో నాకు ఇప్పుడు తెలిసె," అని.

స్వప్న సోమవారం హిందూపురంలో ఉద్యోగంలో చేరుతోంది. కంపెనీ హాస్టల్లో చోటు లేదన్నారు. మీ ఇంట్లో ఉంచుకుంటావా అని అడగడం లేదు, ఉంచుకో అని చెప్తున్నాను. దానికి ఇంకా ఇంగ్లీషు తడబాటే. అక్కడ అన్నీ మెయిల్స్ మీదే నడుస్తాయట, రోజూ నీ ముందుకు తెస్తుంది. తప్పు రాస్తే దిద్దు అక్కా, దిద్దడం మానొద్దు. దిద్దే ముందు మాత్రం, నువ్వేం చెప్పాలనుకున్నావమ్మా అని ఒక్కసారి అడుగు.

నీ చెల్లెలు,
యశోద